లైటు మీద బొట్టుబిళ్ళ

"సార్, ఈ బొట్టుబిళ్ళ ఎవరిది?"

రిపేరుకొచ్చిన కారులో స్టీరింగు ముందు కూర్చుని మధులత అడిగిన మొదటి మాట అది. ప్రదీప్‌కుమార్ కొంచెం తడబడ్డాడు.

"అమ్మది. ఇంజన్ లైటు ఊరికే వెలుగుతోందని నాన్న విసుక్కుంటే, నుదుటి మీదది తీసి దానిమీద అంటించింది."

మధులత పకపకా నవ్వింది. "ఆక్సిజన్ సెన్సార్ పోయిందని చెప్పే లైటు సార్ అది. దాన్నే సెన్సార్ చేసినారే మీ ఇంట్లో!"

అతను నవ్వలేదు. నాన్న పోయి ఏడు నెలలు. అమ్మ మళ్ళీ ఆ కారు ఎక్కలేదు.

"దాన్ని పారేయకండి," అన్నాడు మెల్లగా.

ఆమె నవ్వు ఆపింది. బిళ్ళను గోటితో లేపి తన డైరీ అట్ట మీద అంటించింది.

ఆ షెడ్డు ఆమె తండ్రి ఓబుళేశుది, కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర. ఆయన పానా పడతాడు. పాలిటెక్నిక్ చదివిన కూతురు స్కానర్ చూస్తుంది. ప్రదీప్ నందికొట్కూరులో లెక్కల మాస్టారు.

"అది పోతే ఏమవుతుంది?"

"పొగలో గాలెంత మిగిలిందో ఇంజన్‌కు చెప్పేది అదే సార్. అది నోరు మూసుకుంటే ఇంజన్‌కేం తెలుస్తాది? పెట్రోల్ తాగుతానే ఉంటాది. చెప్పకుంటే ఎవరికైనా ఎట్ల తెలుస్తాది?"

పార్టు హైదరాబాదు నుంచి రావాలి. వచ్చిందేమో చూద్దామని అతను ప్రతి శనివారం బస్సెక్కాడు. రెండో శనివారం వాన. రేకుల కింద టీ గ్లాసులతో ఇద్దరూ నిలబడ్డారు.

"మీ ఊర్లో ఫోన్లు పనిచేయవా సార్?"

"చేస్తాయి."

"మరి?"

"వాన బాగుంది," అన్నాడు.

"వానేనా?"

అతను ఇంకో రెండు టీలు చెప్పాడు.

మూడో శనివారానికి కారు సిద్ధమైంది. లైటు వెలగడం లేదు. డైరీ అట్ట మీది బొట్టుబిళ్ళ మాత్రం మళ్ళీ కారులోకి వచ్చి, మీటర్ల గాజు మీద ఒక పక్కన భద్రంగా ఉంది. దాన్ని అతను చాలాసేపు చూశాడు.

"సోమవారం నుంచి నేను కడపలో ఉంటా సార్. షోరూంలో ఉద్యోగం. ఇంక మీకూ ఈడ పని లేదులే."

"కారుకు లేదు."

"మీకు?"

గొంతుదాకా వచ్చిన మాటను అలవాటుగా మింగబోయాడు.

"మళ్ళా సెన్సారా సార్?"

ఏడు నెలల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వాడు.

"ఫోనులో తెలిసే సంగతికి ఇన్నిసార్లు వచ్చింది మీకోసమే, మధులతా. మీరు సరేనంటే అమ్మను తీసుకొచ్చి మీ నాన్నతో మాట్లాడిస్తాను."

పక్క జీపు కింద పానా చప్పుడు ఆగిపోయింది. ఓబుళేశు తల మాత్రం బయటపెట్టాడు.

"ఏమ్మా, నీకిష్టమేనా?"

మధులత తల వంచుకుంది. తాళాలు ప్రదీప్ చేతిలో పెట్టి, వదలడం మరిచిపోయింది.

"ఇప్పుడు సెన్సార్ మీకా?" అన్నాడు ప్రదీప్.

"ఇష్టమే నాయనా!" అనేసింది గబుక్కున, తండ్రి వైపు తిరిగి.

"అట్లయితే మీ అమ్మను ఈ కారులోనే పిల్చుకరాప్పా," అన్నాడు ఓబుళేశు, మళ్ళీ జీపు కిందికి జరుగుతూ. "ఇంక కడపంటావా... సెన్సార్ కొత్తది గదా. ఎన్నిసార్లు పోయొచ్చినా పెట్రోల్ శానా పట్టదులే."