తల ఎత్తి పడుకున్న రోజులు

ఇంద్రేశం ఊళ్లోని షటిల్ కోర్టులో శ్రావ్య కొట్టిన స్మాష్ సరిగ్గా చంద్రకాంత్ కుడికంటికి తగిలింది. అప్పటికి ఇద్దరికీ పరిచయం లేదు. ఆమె సారీ చెప్పింది. అతను పర్వాలేదన్నాడు. పది నిమిషాల్లో ఆ కంటికి లోకమంతా ఎర్రగా మసకబారేసరికి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

ఆమే స్కూటీ మీద పటాన్‌చెరులో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. నల్లగుడ్డు ముందు నెత్తురు చేరిందన్నాడాయన. కంటికి ప్లాస్టిక్ కవచం అంటించి, చుక్కల మందు రాశాడు. తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి, వంగకూడదు, బరువులెత్తకూడదు, చెప్పకుండా నొప్పి మాత్రలు వేసుకోకూడదు. మొదటి ఐదు రోజుల్లో మళ్లీ కారితే చూపుకే ప్రమాదం. కంటిలో ఒత్తిడి రోజూ చూపించుకోవాలి.

కర్దనూర్ ఇంట్లో అతని తల్లి కౌసల్యమ్మ ఎవరు కొట్టారని అడిగింది. శ్రావ్య చేయెత్తింది.

"మంచిగనే కొట్టినవ్ బిడ్డా. చాయ్ తాగుతవా?"

ఆ రోజు నుంచి పాశమైలారం మందుల కంపెనీ ల్యాబులో షిఫ్టు కాగానే శ్రావ్య వచ్చి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లేది. పక్క ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా మోటార్లు మోసే అతన్ని కింద పడ్డ చెప్పు కూడా తీసుకోనిచ్చేది కాదు.

నాలుగో రోజు కంటిలో పోటు, తలనొప్పి. చంద్రకాంత్ ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర నోట్లో వేసుకోబోతుంటే ఆమె లాక్కుంది. దాంతో నెత్తురు మళ్లీ కారొచ్చని చెప్పి, వెంటనే బయలుదేరదీసింది. కంటి ఒత్తిడి బాగా పెరిగిందట. డాక్టర్ వేరే మందు వేసి రెండు గంటలు కూర్చోబెట్టాడు.

చంద్రకాంత్ ఎడమకంటితో పక్కకు చూశాడు.

"ఏడుస్తున్నరా?"

"లేదండీ. మీ చూపు పోతే నేను జీవితాంతం..."

"జీవితాంతం ఏంది?"

"ఏం లేదు. తల ఎత్తండి."

ఒత్తిడి దిగింది. పదో రోజుకు నెత్తురు పూర్తిగా కరిగిపోయింది. అతను చార్టులో చివరి వరుస దాకా చదివాడు. ఇక రోజూ రానక్కర్లేదన్నాడు డాక్టర్. బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు.

"రేపటి సంది మీరు రారా?"

"అవసరం లేదుగా."

"నాకుంది," అన్నాడు చంద్రకాంత్. "మీరు రాకపోతే నాకు మనసున పట్టది. ఇష్టపడ్డ మిమ్మల్ని."

శ్రావ్య అతని వైపు తిరిగింది.

"నిన్న మీ అమ్మగారు మా నాన్నకి ఫోన్ చేశారు."

"మీ నాన్న ఏమన్నరు?"

"ముందు అబ్బాయికి కన్ను కనబడనివ్వండి, తర్వాత మాట్లాడదాం అన్నారట."

"మరి?"

"మీరు చార్టు చదువుతుండగా, కనబడుతోందని నాన్నకి మెసేజ్ పెట్టాను."