బంజారాహిల్స్ నుంచి ఫోను

పుంగనూరు రోడ్డు పక్కన ఎండిన బావి. అడుగున గోనెసంచి. సంచిలో శవం.

2003 ఏప్రిల్ నెలాఖరు. ఆ ఏడు నీళ్లు అడుగంటకపోతే అది ఎప్పటికీ బయటపడేది కాదు. ఆడమనిషి. చనిపోయి రెండు నెలలు దాటిందన్నాడు డాక్టరు. గొంతు ఎముక విరిగింది. మర్డరే!

ముఖం ఆనవాలు పట్టే స్థితిలో లేదు, పాపం. మిగిలింది ఒక చెప్పు. తెగిన పట్టీని నీలం దారంతో ఎవరో కుట్టారు.

ఆ దారాన్ని గుర్తుపట్టినవాడు మదనపల్లె ప్రకాష్ బాబు. "జెస్సికాది. కుట్టింది నేనే" అన్నాడు. జెస్సికాను పెళ్లాడాల్సినవాడు. ఆమె హైదరాబాదు పోతానంటే నడివీధిలో గొడవపడ్డవాడు కూడా.

సీఐ అతన్ని లాకప్‌లో వేయించాడు. "కేసు క్లోజ్!"

ఎస్సై మాలతికి అది మింగుడు పడలేదు. చంపినవాడే వచ్చి చెప్పును గుర్తుపడతాడా?

జెస్సికా తల్లి జ్ఞానమ్మ ఆ చెప్పు వైపు చూడనే లేదు.

"అట్లాంటివి ఊరంతా ఉండాయి తల్లీ. నా బిడ్డ బంజారాహిల్స్‌లో ఉండాది. పెద్దింటి ముసలామెను సూసుకునే పని. పాలరాతి నేలంట, ఏసీ రూమంట. కిటికీ తీస్తే గోల్కొండ కోట కనపడతాదంట!"

"నీతోనే చెప్పిందా?"

జ్ఞానమ్మ తడబడింది. "శ్రీనివాసులుతో. నేను పరిగెత్తి పొయ్యేలోగా లైను కట్టయిపోతాది."

శ్రీనివాసులు వీధి చివర ఎస్టీడీ బూత్ ఓనరు. జెస్సికాకు ఆ పని చూపించిందీ అతనే. మాలతి ఆ చెప్పును వెంట తీసుకొని, ప్రకాష్ బాబునూ జ్ఞానమ్మనూ జీపెక్కించి బూత్ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఆఖరుగా ఎప్పుడు చేసింది?"

"మొన్ననే మేడమ్. గుడ్ ఫ్రైడే పొద్దున."

"ఏమంది?"

"బాగుండానని సెప్పమనింది. పండగ గదా, అమ్మకు హ్యాపీ గుడ్ ఫ్రైడే సెప్పమనింది."

"అదే మాటా?"

"దేవుడి తోడు! ఈ చెవుల్తో విన్నా."

ప్రకాష్ బాబు చివాలున తలెత్తాడు. మాలతి హిందువే గానీ పదో తరగతి దాకా మిషన్ స్కూల్లో చదువుకుంది.

"అది పండగ కాదప్పా, శ్రీనివాసులూ. ఏసును సిలువ వేసిన రోజు. తెల్లబట్టలు కట్టుకొని, పస్తుండి, చర్చిలో కూర్చొని ఏడుస్తారు. సావింట్లో ఎవరైనా హ్యాపీ అంటారా? ఆ చర్చిలోనే పెరిగిన జెస్సికా నోట ఆ మాట రాదు. చర్చికి పోయే ఈ ప్రకాష్ బాబు నోటా రాదు. క్యాలెండరులో ఎర్ర అంకె చూసి పండగనుకునే నీలాంటోడి నోటే వస్తుంది."

"అందరూ సెప్పుకుంటారు గదా మేడమ్..."

"ఫోను రాలేదు. ఒక్కసారీ రాలేదు. ఆ పిల్ల కోసం ఎవరూ వెతకకూడదని నువ్వే అల్లినావు. యాడికి తీసుకుపోయినావు?"

శ్రీనివాసులు నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఫోన్ల వైపు చూశాడు. తర్వాత కూలబడిపోయాడు.

"బంజారాహిల్స్ వాళ్ల కారు పుంగనూరులో ఉండాదని నా వ్యానులో ఎక్కించుకుంటి. దారిలో చెయ్యి పట్టుకుంటే అరిసింది. ఊర్లో సెప్తాననింది..."

ఛీ! మాలతి చెయ్యి లేచి, ఎలాగో ఆగింది.

"మరి ఆ బంగళా?" జ్ఞానమ్మ గొంతు పీలగా వచ్చింది. "పాలరాయి? కిటికీ?"

"సినిమాల్లో సూసింది సెప్తిని."

కానిస్టేబుల్ మల్లప్ప ప్రకాష్ బాబు బేడీలు విప్పి శ్రీనివాసులుకు వేశాడు. జ్ఞానమ్మ అటు చూడలేదు. చెయ్యి చాపి ఆ చెప్పును అడిగి తీసుకుంది. నీలం కుట్టును బొటనవేలితో తడిమింది.

"ఆ హ్యాపీ మాట ఈ శ్రీనివాసులు ఆ పొద్దే నాకు సెప్పినాడు తల్లీ. నాకు కోపమొచ్చింది. బంజారాహిల్స్ పోయి నా బిడ్డ దేవుణ్ణే మరిసిపోయిందే అనుకుంటి. ఆ పొద్దు ప్రార్థనలో దాని పేరు ఎత్తలేదు."