తిరగేసిన మంచం

బస్తరు రాజ్యంలో కలరా లేచిన ఏడు, దోర్నపాల్ ఊరి బయట సర్కారువాళ్లు ఒక తాటాకు పాక వేయించి రోగుల్ని అందులో పడేశారు. చూసుకోవడానికి ఇద్దరమే. కాంపౌండరు మా తమ్ముడు భూషణం. ఆయాను నేను, సోమమ్మను. భద్రాచలం దిక్కు నుంచి జీతానికి ఆశపడి వచ్చినవాళ్లం. పెద్ద డాక్టరు ఒక్కసారి వచ్చాడు. ముక్కుకు రుమాలు కట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడి, "కలరా రోగికి నీళ్లివ్వొద్దు" అని హుకుం చెప్పి పోయాడు. ఆయనకేం, బండెక్కి పోయి కంటినిండా నిద్రపోయి ఉంటాడు. రోగుల మొహాలు చూసి కాదనాల్సింది మావాడు.

"ఏర్... ఏర్..." అని అడిగేవాళ్లు. నీళ్లని. అడిగి అడిగి పోయేవాళ్లు. అప్పటినుంచి భూషణానికి నిద్ర లేదు. కన్ను మూతపడగానే ఉలిక్కిపడి లేచి, "ఎవరో అడుగుతున్నారక్కా" అంటాడు. మందు సీసాలు చేతుల్లోంచి జారిపోతున్నాయి. అన్నం ముందు కూర్చుని ముద్ద కలపడం మరిచిపోతాడు. కలరా కాదు, ఈ నిద్రలేమే వీణ్ణి మింగుతుందని నా గుండెల్లో రాయి పడింది.

ఆ రోజు మధ్యాహ్నమే మబ్బు కమ్మి చీకటైంది. ఒకటే వాన. పాకలో వాంతుల వాసన, సున్నం వాసన, తడిసిన తాటాకు వాసన. నేను గంజి కాచుకొని వచ్చేసరికి వెనక వసారాలో భూషణం మంచం మీద పడి నిద్రపోతున్నాడు. గురక కూడా పెడుతున్నాడు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. ఆ మంచం ఎక్కడిదన్న ఆలోచనే రాలేదు.

కాసేపటికి కోస వచ్చాడు. ముందురోజు మా పాకలోనే పోయిన లక్మే మొగుడు. మంచాన్ని చూసి అవతలే ఆగిపోయాడు.

"ఇది మా లక్మేది," అన్నాడు మెల్లగా. "ఏడ దొరికింది?"

"ఏమో అన్నా. నేలంతా బురదైందని ఎక్కడో చూసి తెచ్చుకున్నాడేమో. ఏంది, ఏమైంది?"

"శవాన్ని మోసిన మంచం గదక్కా. పూడ్చిన కాడ తిరగేసి వస్తం. పోయినోళ్లు మళ్లొచ్చి పడుకోకుండ. దాన్ని ఎవ్వరూ సక్కగ పెట్టరు."

మా తమ్ముడు పెట్టాడు. నిద్రకు మొహం వాచినవాడు మంచం ఎవరిదని అడుగుతాడా?

"లేపు," అన్నాడు కోస.

భుజం పట్టి ఊపాను. మొహం మీద నీళ్లు చల్లాను. లేవలేదు... ఊపిరి మాత్రం నింపాదిగా ఆడుతోంది. ఇద్దరం కలిసి చాప మీదికి దించాం. తిండి లేక ఎముకలు తేలినవాడు, ఇద్దరు మనుషుల బరువున్నాడు. కోస మంచం నెత్తిన పెట్టుకుని వానలో పడి పోయాడు.

మంచం పోయింది కదా, ఇక లేస్తాడనుకున్నాను. వాడి తల దగ్గర కూర్చున్నాను. పాకలో ఎవరూ నీళ్లడగడం లేదు. ఒక్కరు కూడా. చిన్నప్పుడు అమ్మ చేసినట్టు వాడి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి నిమిరాను.

"లేరా నాయనా... చాలు."

జుట్టు తడిగా ఉంది. చల్లగా ఉంది. నా వేళ్లకు ఏదో తగిలింది...

వేళ్లు.

చెయ్యి లాక్కున్నాను. వాడి జుట్టు కదలడం మాత్రం ఆగలేదు. పాయ పాయగా... మెల్లగా...

నిద్రలో మా తమ్ముడు నవ్వాడు.