ఎలుగుబంటి భార్య

ఏజెంట్ ఇఖ్రా అన్న అమ్జద్‌ను బోథ్ బస్టాండ్‌లో కాల్చి చంపారు. ప్రాణం పోయేముందు అతను ఫోన్‌లో అన్నది ఒకే మాట: "ఫాంకె".

"ఫాంకెను నమ్మమన్నడో, నమ్మొద్దన్నడో తెల్వది," అంది చీఫ్ లతీఫున్నీసా బ్రీఫింగ్‌లో. "మనకు ఖబర్లు ఇచ్చేది గామెనే. పుట్టింది ఇండియాల, పసిగుడ్డుగ ఉన్నప్పుడే హాలండ్‌ల ఫ్రీస్లాండోళ్లు పెంచుకున్నరట. తెలుగు రాదంటది. లై డిటెక్టర్ పాసైంది. ఇయ్యాల మొగనితోని బొగ్గుగని ఫ్యాన్ హౌస్ చూడనీకి వస్తుంది. ఫ్యాన్ ఆగితే కింద షిఫ్టోళ్లకు గాలి ఉండది. ఆపనీకే వచ్చిన్రని సబూత్ దొరికితే పట్టుకో. ఇద్దరు ప్రాణంతోని కావాలె బేటీ."

ఇఖ్రాకు మాత్రం అన్న రక్తానికి బదులు రక్తమే కావాలి.

ఇఖ్రా ఇంటర్‌ప్రెటర్ వేషంలో ఫ్యాన్ హౌస్ ముందు ఫాంకెను కలిసింది. ఫాంకె నవ్వితే శత్రువైనా కుర్చీ వేస్తాడు. మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"మీ పేర్లు గమ్మత్తుగా ఉంటాయి మేడమ్!" అంది ఇఖ్రా.

"ఫాంకె అంటే చిన్నపిల్ల. నాన్న వీబె, అంటే యుద్ధం. అన్న షూర్డ్, విజయానికి కాపలావాడు."

"మరి మీవారు?"

తలుపు దగ్గర నిలబడ్డ ఆ స్వీడన్‌వాడి విజిటర్ కార్డు మీద 'బ్యోర్న్' అని ఉంది. ఫాంకె పెదవులు తడబడ్డాయి.

"ఆయనదా? ఎలుగుబంటి అని అర్థం."

"పేరు?"

"కార్డు మీద ఉందిగా," అంటూ తల వంచుకుంది.

ఇఖ్రాకు చొప్పదండిలో పక్కింటి బాలవ్వ గుర్తొచ్చింది. రేషన్ షాపులో మొగుడి పేరడిగితే పక్కవాళ్లతో చెప్పించేది. ఫ్రీస్లాండ్‌లో పెరిగిన ఆడదానికి ఈ సిగ్గెక్కడిది?

"మీ అవ్వ మంచిగనే నేర్పింది అక్కా. ఏ ఊరు మీది?" అంది తెలుగులో.

ఫాంకె ముఖం పాలిపోయింది. వెంటనే భర్త వైపు తిరిగి తెలుగులోనే గొంతు చించుకుంది. "ఇగో! ఒత్తెయ్!"

ఆ తెలుగు అర్థమైనట్టే, బ్యోర్న్ బొటనవేలు చేతిలో పెన్నులా ఉన్న రిమోట్ మీదికి జారింది. అది బటన్‌ను తాకేలోపే ఇఖ్రా పిస్టల్ పేలింది. పెన్నూ, వేలూ ఎగిరిపడ్డాయి. ఫ్యాన్ ఆగలేదు.

ఇఖ్రా పిస్టల్‌ను అతని నుదుటికి ఆనించింది. ఇంకో చేత్తో రికార్డర్ నొక్కింది.

"బోథ్‌ల మా అన్నను కాల్చింది ఎవరు?"

"ఆయనే," అంది ఫాంకె ఏడుస్తూ.

"ఆయనంటే ఉరెయ్యనీకి కోర్టు ఒప్పుకోదు. పేరు చెప్పు. లేకుంటే గీడనే కాలుస్త."

ఫాంకె కళ్లు మూసుకుని చెప్పింది. "బ్యోర్న్."

ఇఖ్రా పిస్టల్ దించింది.

"మొగని పేరు చెప్తే ఆయన ఆయుష్షు తగ్గుతదని బాలవ్వ అనేది," అంది రికార్డర్ జేబులో వేసుకుంటూ. "నేనే నమ్మలే."