పిలవని పేరు

"ఇవాళ నా దగ్గు వినిపించిందా?" కోలా గింజ ముక్క నములుతూ అడిగాడు ఎజీకే.

"లేదు పెదనాన్నా. పూరణి తీసేసింది," అంది ఒలన్మా.

"కానీ కానీ. దగ్గుతో మొదలుపెట్టింది. ఎప్పుడో నన్నూ తీసేస్తుంది."

ఒలన్మా నవ్వుతూ చూపుపలక దగ్గరికి తీసుకుంది. అప్పుడే ముగిసిన ఉదయపు ప్రార్థన నలభై దేశాల్లో, ఎవరి భాషలో వారికి, చెవిపూసల్లో వినిపిస్తోంది. నైజీరియాలోని ఈ ఎర్రమట్టి కొండల ఊళ్లో ఇగ్బోల పాత ఆరాధన ముసలివాళ్లతోనే పోతుందని భయపడి, రెండేళ్ల కిందట ఆమె ఈ ఛానెల్ మొదలుపెట్టింది. రోజూ ఎజీకే ఒఫొ కర్ర పట్టుకుని, కోలా గింజ విరిచి, నేల మీద కల్లు ఒంపుతూ వంశంలో పోయినవాళ్లను పేరు పేరునా పిలుస్తాడు. వచ్చి తాగమంటాడు. ఒఫొ పట్టిన మనిషి అబద్ధం ఆడకూడదు. అది అక్కడి నియమం.

ఆ కాలంలో మాట తడబడటం దాదాపు లేకుండా పోయింది. ఎదుటివాళ్లు ఎక్కడ ఆగినా, వాళ్లు ఏమనబోయారో ఊహించి, వాళ్ల గొంతుతోనే ఆ ఖాళీని నింపేది చెవిపూసలోని పూరణి. బడిలో ఏ పిల్లవాడూ జవాబుకు వెతుక్కుంటున్నట్టు వినిపించడు. సంతలో ఎవరూ నీళ్లు నమిలినట్టుండదు. చావు ఇంటికి వెళ్లినవాళ్లకు కూడా మాట కరువు కాదు.

ప్రార్థనలో మాత్రం ఒలన్మా పూరణిని దగ్గులు తీయనిచ్చేదే తప్ప ఖాళీలు నింపనిచ్చేది కాదు. తన తమ్ముడి పేరు, అంటే ఒలన్మా తండ్రి పేరు పిలిచాక ఎజీకే ఒక్క ఊపిరి సేపు ఆగుతాడు. సరిగ్గా అక్కడే శ్రోతలు సగం మంది వెళ్లిపోతున్నారు. అందుకే ఈ రోజు మొదటిసారి ఆ ఒక్క చోట పూరణికి అనుమతి ఇచ్చింది. ఏ పక్షికూతో పెడుతుందనుకుంది.

ఆ చోటు వెనక్కి తిప్పి విన్నది.

"నా తమ్ముడు ఒన్యేకా, వచ్చి తాగు." ఆ వెంటనే, ఎక్కడా అతుకు తెలియకుండా, ఎజీకే గొంతే: "ఒబియోరా, నా బిడ్డా, వచ్చి తాగు."

ఒలన్మా మళ్లీ తిప్పి విన్నది. అదే మాట.

ఒబియోరా ఆమె తమ్ముడు. ఆరేళ్ల కిందట అతను ఎక్కిన చేపల ఓడ తిరిగి రాలేదు. శవం దొరకలేదు. తన వాకిట్లో ఈ ఛానెల్ నడుపుకోవడానికి తల్లి ఉకామకా పెట్టిన షరతు ఒక్కటే. పోయినవాళ్ల వరసలో ఆ పేరు వినపడకూడదు. బతికున్నవాణ్ని అలా పిలిస్తే ఆ పిలుపు వెంట వెళ్లిపోతాడని ఆమె భయం. పూరణికి ఆ భయం తెలియదు. ఆ ఓడతో పోయినవాళ్లంటూ రేవు కార్యాలయం రాసిన జాబితా మాత్రం తెలుసు.

"పెదనాన్నా, అమ్మ ఏది?"

"ఇవాళ న్క్వో, సంత జరిగే రోజు కదే, అక్కడికే వెళ్లింది. ఏమైంది?"

చెప్పింది. ముసలాయన నమలడం మానేశాడు.

ప్రసారం తీసేయమని ఒలన్మా పలకను అడిగింది. తీసేశాను, అంది పలక. అప్పటికే విన్న చెవుల్లోంచి తీయలేనని కూడా అంది. ఉకామకా పూస పెట్టుకోదు. కానీ సంతలో మిగతా అందరి చెవుల్లో ఉంది.

ఒలన్మా పరుగెత్తింది. వెనకాల కర్ర పట్టుకుని ఎజీకే బయలుదేరాడు.

సంత మొదట్లోనే ఎండుచేపలమ్మే ఆవిడ నవ్వింది. "ఏమే ఛానెల్ పిల్లా, దేవుళ్లు గానీ తరుముతున్నారా?" అంతలో ఏదో గుర్తొచ్చి ఆవిడ మొహం మారింది. "అయ్యో తల్లీ, మీ తమ్ముడు..."

"దండం పెడతా అక్కా, ఆ మాట మా అమ్మ దగ్గర అనకు."

"అనేశారే," అంది ఆవిడ మెల్లగా.

తను అమ్మే చేదాకు కూర కట్టల వెనక ఉకామకా నిటారుగా కూర్చుని ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకున్నారు.

"మీ పెదనాన్న వాణ్ని పిలిచారట."

"ఆయన కాదమ్మా. పూరణి. నేనే అనుమతిచ్చాను, తప్పు నాది."

"గొంతు ఆయనదేనట కదా."

"గొంతు ఆయనదే. మాట ఆయనది కాదు."

"అయితే ఆయన్నే చెప్పమను. కర్ర పట్టుకుని చెప్పమను."

ఎజీకే ఆయాసపడుతూ, దగ్గుతూ వచ్చాడు. ఉకామకా చుట్టూ చూసింది. "మీ పూసలు తీసేయండమ్మా. ఈయన మాటల మధ్య మీకు ఇంకేదీ వినపడకూడదు."

ఒక్కొక్కరే తీసి కొంగుల్లో ముడి వేసుకున్నారు.

"బావగారూ, మీరు నా కొడుకును పిలిచారా?"

"లేదు ఉకామకా. నోటితో పిలవలేదు."

"నోటితో," అంది ఆమె. "మరి రోజూ మా ఆయన పేరు తర్వాత ఎందుకు ఆగుతారు?"

ఈ ఒక్కసారికి ఆయన అబద్ధం ఆడితే బాగుండునని ఒలన్మా కోరుకుంది. ముసలాయన తన చేతిలోని కర్ర వంక చూసుకున్నాడు.

"వాడు ఉన్నాడో పోయాడో నాకు తెలియదమ్మా. ఒకవేళ పోయుంటే, వాడికి గుక్కెడు పోసినవాళ్లు లేరు. దాహంతో ఉంటాడేమోనని... పైకి అంటే నువ్వు తట్టుకోలేవు. లోపలే పిలిచాను."

"ఎప్పటినుంచి?"

"మొదటి ఏడు నుంచి."

"తాగాడని ఎప్పుడైనా అనిపించిందా?"

"నేల తాగుతుంది. ఎవరు తాగారో నాకెలా తెలుస్తుంది?"

ఉకామకా తల ఊపింది. చేతులు విడిపించుకుని, తలగుడ్డ ముడి విప్పి ఒళ్లో మడిచి పెట్టుకుంది. ఆరేళ్లుగా వారం తప్పకుండా అల్లించుకున్న సన్నటి జడలు, కుదుళ్ల దగ్గర తెల్లబడి, బయటపడ్డాయి. బిడ్డ పోయిన తల్లి ఆ ఊళ్లో జుట్టు ఉంచుకోదు.

"రేపటినుంచి ఆగకండి బావగారూ," అంది. "పైకే పిలవండి." తర్వాత కూతురి వైపు తిరిగింది. "కత్తి తీసుకో."

ఎండుచేపలావిడ తన చిన్న కత్తిని కొంగుతో రెండుసార్లు తుడిచి ఇచ్చింది. ఒలన్మా తల్లి వెనక మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి జడ పట్టుకుంది. ఏదో చెప్పాలనుకుంది. మాట రాలేదు, చెయ్యి కదలలేదు.

తల్లి తొందరపెట్టలేదు. మెడ కొంచెం వంచి, వేచి ఉంది.