బతికున్న నకలు

ఇప్పటికీ తొలి వాన చినుకు పడితే ఆమెకు ఆ పాత ల్యాబే గుర్తొస్తుంది. పొడవాటి వరండా, గుర్రుమనే ఫ్రీజర్లు, కిటికీ పక్కన కంప్యూటర్లో తలదూర్చి అతను.

మొదటి పలకరింపే పోట్లాట.

"నేను పరిశోధిస్తున్న జీన్‌ని చచ్చిన జీన్ల జాబితాలో కలిపింది మీరేనా?"

అతను తల కూడా తిప్పలేదు. "చచ్చిందేగా అండీ! అసలు జీన్ వేరే క్రోమోజోమ్ మీదుంది. దాని ఆర్‌ఎన్‌ఏ ఎప్పుడో మళ్ళీ డీఎన్‌ఏగా మారి ఇక్కడికొచ్చి అతుక్కుంది. ఉత్త నకలు. అలాంటివి కోతుల్లో, మనలో వేలకొద్దీ పడున్నాయి."

"వాటిలో కొన్ని బతికి కొత్త పని అందుకుంటాయి. నాది బతికే ఉంది. ఇదిగో, ఆర్‌ఎన్‌ఏ తయారవుతోంది!" మెరిసే గీత పడ్డ జెల్ ఫోటో అతని ముక్కు కింద పెట్టింది.

అతను కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇది మీ నమూనాలో కలిసిపోయిన డీఎన్‌ఏ గీత కూడా కావచ్చు. అసలు జీన్‌లోలా నకల్లో మధ్యన కత్తిరించి పారేసే ముక్కలుండవు. అందుకే ఆర్‌ఎన్‌ఏ అయినా డీఎన్‌ఏ అయినా గీత ఒకే చోట పడుతుంది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అతను చెప్పింది నిజం కావడంతో ఇంకా మండింది. పైగా గైడ్ మేడమ్ తేల్చి చెప్పేశారు: నెలాఖరుకి రుజువు కాకపోతే వేరే టాపిక్ చూసుకోవాల్సిందే.

నమూనాలో డీఎన్‌ఏ అంతా తుడిచిపెట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్ ఒక ట్యూబులో వేసింది, రెండోదాంట్లో వెయ్యలేదు. గీత మొదటిదాంట్లో మాత్రమే వస్తే అది ఆర్‌ఎన్‌ఏదే. జెల్ చూసే రోజు అతను తలుపు దగ్గర నిలబడ్డాడు. బయట జోరువాన.

"నేను ఓడిపోతే చూద్దామనా?"

"గెలిస్తే చూద్దామని."

లైటు వేసింది. ఎంజైమ్ వేసినచోట గీత ధగధగలాడింది, వెయ్యనిచోట ఏమీ లేదు.

"బతికే ఉంది!" అని వరండా అదిరేలా అరిచింది ఆమె కాదు, అతను.

ఆ తర్వాత ఏ రకం కోతుల్లో ఆ జన్యువు ఉందో, ఎందులో లేదో వెతకడం ఇద్దరి పనీ అయింది. లక్షల ఏళ్ళుగా చెడిపోకుండా నిలిచిందని తేలిన రోజు మెట్ల మీద కూర్చుని చల్లారిపోయిన టీ తాగారు. మనసులో మాట మాత్రం ఇద్దరూ మింగేశారు.

ఆమెకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. బస్సు కదులుతుంటే అతనన్నది ఒకటే: "ఆల్ ద బెస్ట్."

ఏడాది తిరిగాక, ఒక ఆదివారం ఎండవేళ, కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే భుజాన సంచితో అతను.

"మన జీన్ గురించి చిన్న డౌట్..."

"ఫోన్ చెయ్యొచ్చుగా?"

"ఫోన్లో అడిగేది కాదు."

లోపల్నుంచి అమ్మ వచ్చింది. అతన్ని ఎగాదిగా చూసి, కూతురి వైపు తిరిగింది. "నువ్వు రోజూ తిట్టే కళ్ళజోడు అబ్బాయి ఇతనేనా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"రోజూనా?" అన్నాడతను, నవ్వు ఆపుకోలేక.

"ఒక్క పూట మానితే ఒట్టు," అంది అమ్మ. "నిలబడ్డావేం నాయనా? లోపలికి రా. అడగాల్సిందేదో నా ముందే అడుగు."