నలుగురూ కూర్చున్న గుహ

పిల్లలూ, పక్కవాడి మోచెయ్యి తగులుతోందని రోజూ పోట్లాడుకునే మీకు ఈ కథలోని బాధ కాస్త వింతగా ఉంటుంది. తుంగవరం రాజ్యంలో నలుగురు ఒకచోట కూర్చోవడమే ప్రాణాపాయంగా ఉన్న రోజుల సంగతి ఇది.

అంతకుముందు ఆ రాజ్యంలో ఏ పని తలపెట్టినా సభామండపంలో గంట మోగేది. ఏడుగురు సభ్యులు కూర్చునేవారు. ఔనన్నవారు పచ్చి ఆకు, కాదన్నవారు ఎండుటాకు కుండలో వేసేవారు. ఏ ఆకులు ఎక్కువైతే ఆ మాటే చెల్లేది, రాజుగారైనా తల వంచాల్సిందే. ఒకనాడు ఆ ఏడుగురిలో ఒకడైన ఘటోదరుడనే రాక్షసుడు కోపంతో లేచి, మిగిలిన ఆరుగురినీ రాళ్ళుగా మార్చాడు. గంట పెరుక్కుని అడవికి పోతూ, ఈ రాజ్యంలో ఎక్కడ నలుగురు కూడినా రాళ్ళైపోతారని శపించాడు. అతనికి అంత కోపం ఎందుకొచ్చిందని అడిగితే పెద్దలు మాట దాటేసేవారు.

బడులు మూతపడ్డాయి. సంతలు ఆగిపోయాయి. ఎవరి ఇంటి తలుపులు వాళ్ళు వేసుకున్నారు.

రాళ్ళైన ఆరుగురిలో నాగసాని తల్లి ఒకరు. అప్పుడు నాగసానికి ఐదేళ్ళు. అప్పటినుంచి తండ్రి ఎఱ్ఱయ్యే ఇంట్లో చదువు చెప్పాడు. ఏ చెరువు ఎవరు తవ్వించారో, ఏ శాసనంలో ఏముందో, పౌరుల హక్కులేమిటో, బాధ్యతలేమిటో అన్నీ నేర్పాడు. సభ పాఠానికి ఏడుగురు సభ్యులకు బదులు ఏడు చింతపిక్కలు పెట్టేవాడు. ఏడింటి తరఫునా నాగసానే మాట్లాడేది. ఏడూ ఎప్పుడూ ఆమె మాటకే ఔననేవి. తన కూతురికి సభ నడపడం వచ్చేసిందని ఎఱ్ఱయ్య మురిసిపోయేవాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఇంకో పిల్లను ఎక్కడినుంచి తెస్తాడు?

ఆ గంట మళ్ళీ మండపంలో మోగితే రాళ్ళైనవాళ్ళు మనుషులవుతారని ఊళ్ళో నమ్మకం. సైన్యాన్ని పంపుదామంటే నలుగురు కూడడానికి వీల్లేదు. నాగసానికి పన్నెండేళ్ళు నిండిన రోజున, "నేను వెళ్తాను నాన్నా. నేను ఒక్కదాన్నే కదా, నాకు శాపమేం తగులుతుంది?" అంది. ఎఱ్ఱయ్యకు మోకాళ్ళు పనిచేయవు. ఏడుస్తూనే అటుకులు మూట కట్టి ఇచ్చాడు.

మూడు రోజులు అడవిలో నడిచింది. తనతో తనే మాట్లాడుకుని మాట్లాడుకుని, తన గొంతంటే తనకే విసుగు పుట్టింది. నాలుగో రోజు ఒక పెద్ద నది అడ్డొచ్చింది. గుడిసె అంత తాబేలు తల పైకెత్తింది.

"ఈ నది ఎవరిదో చెప్పు, దాటిస్తాను" అంది తాబేలు.

"తాగేవాళ్ళందరిదీ తాతా. పై ఊరివాళ్ళు వాడుకుని కింది ఊరికి వదలాలి. అది మా రాజ్యంలో మొదటి శాసనం."

తాబేలు ఆమెను వీపున ఎక్కించుకుంది. అవతలి గట్టున ఒక తల్లి ఎలుగుబంటి దారికి అడ్డంగా నిలబడి, నాచు పట్టిన రాయిని చూపించింది.

"దీనిమీద ఏం రాసుందో చదివితే వదులుతాను. ఎన్నేళ్ళుగానో చూస్తున్నా, చెప్పేవాళ్ళే లేరు" అంది.

నాగసాని నాచు గీకి చదివింది. "దాహంతో వచ్చిన ఏ ప్రాణికైనా ఈ బావి నీళ్ళు ఇవ్వాలని, ఒక కుమ్మరి తవ్వించాడట అత్తా."

"ఏ ప్రాణికైనా అంటే నాకూ, నా పిల్లలకూ కూడానా?" అని ఎలుగుబంటి ఎంతో సంతోషించింది. అక్కడినుంచి తాబేలూ, ఎలుగుబంటీ ఇద్దరూ ఆమె వెంట వచ్చారు.

రాక్షసుడి గుహ ముందు గంట వేలాడుతోంది. ఘటోదరుడు నేలమీద కూర్చుని తనలో తనే గొణుక్కుంటున్నాడు.

"ఎవరే నువ్వు?" అని గర్జించాడు.

"తుంగవరం పౌరురాలిని. ఇది మా రాజ్యం పొలిమేర బయట, ఇక్కడ మీ శాపం లేదు, నలుగురం ఉన్నాం. గంట నాకివ్వాలో వద్దో సభ పెట్టి తేలుద్దాం" అంది నాగసాని. తాబేలూ, ఎలుగూ తన పక్షమే అని ఆమె ధీమా.

రాక్షసుడు నవ్వి ఒప్పుకున్నాడు. ఆకులు కుండలో పడ్డాయి. లెక్కపెడితే పచ్చి ఆకు ఒక్కటే. మిగిలిన మూడూ ఎండుటాకులు.

"ఈ అడవిలో పొద్దున్నే వినిపించే పలకరింపు ఆ గంట ఒక్కటేనమ్మా" అంది తాబేలు తల దించుకుని.

"నా పిల్లలు దాని మోతకే లేస్తారు. ముందే అడిగుంటే చెప్పేదాన్ని కదా" అంది ఎలుగుబంటి.

నిజమే, ఆమె అడగలేదు. చింతపిక్కలను ఎవరు మాత్రం అడుగుతారు?

"సభ నడుస్తుండగా నిన్ను ముట్టుకోను" అన్నాడు ఘటోదరుడు. "గంట నీ చేతికి అందేంత దూరంలో ఉంది. లాక్కుని పరుగెత్తు. నేనూ అదే చేశాను."

నాగసానికి తల్లి రాతి ముఖం గుర్తొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేదు. అయినా కూర్చున్నచోటినుంచి లేవలేదు.

"మా అమ్మ ఆ రాళ్ళలో ఉంది. కానీ సభ కాదంది. కాదంటే కాదు" అని కళ్ళు తుడుచుకుంది. "ఇంకో మాట అడగనా? ఇలా నలుగురితో కూర్చోవడం నాకు ఇదే మొదటిసారి. మా ఊళ్ళో వీలుకాదు. నేను మళ్ళీ రావచ్చా? అడవి గుండా ఈ గుహ దాకా ఒక దారి వేసుకుంటాను."

రాక్షసుడి గడ్డం కన్నీళ్ళతో తడిసింది.

"ఆ రోజు సభలో నేను అడిగింది కూడా అదేనే పిల్లా. నా గుహకు ఒక దారి వేయమన్నాను. ఆరు ఎండుటాకులు పడ్డాయి. ఎందుకు అడుగుతున్నావని ఒక్కరూ అడగలేదు. ఓడిపోయి నేను లేచిపోయాను. నువ్వు ఓడిపోయి కూడా కూర్చున్నావు."

నాగసాని మళ్ళీ రావడానికి ఈసారి కుండలో నాలుగు పచ్చి ఆకులు పడ్డాయి. ఘటోదరుడు దోసెడు నీళ్ళు తుంగవరం వైపు చల్లి శాపం తీసేశాడు. ఆమె ఊళ్ళో అడుగుపెట్టే వేళకు రాళ్ళైనవాళ్ళు మళ్ళీ మనుషులవుతారని చెప్పాడు.

నాగసాని ఊరు చేరేసరికి ఒకావిడ ప్రతి గుమ్మంలోనూ ఐదేళ్ళ పాప కోసం వెతుకుతోంది. "నేనే అమ్మా" అని చెప్పి నమ్మించడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. తర్వాత ఇద్దరూ వీధిలోనే కూర్చుని ఏడ్చారు. చుట్టూ జనం చేరారు, ఎవరూ రాళ్ళు కాలేదు.

ఖాళీగా ఉన్న ఏడో పీటమీద, ఘటోదరుడు తిరిగి వచ్చేదాకా, రాజుగారు నాగసానిని కూర్చోబెట్టారు. దారి వేయాలా వద్దా అని రోజంతా వాదులాడుకుని, చివరికి ఒక్క ఆకు తేడాతో ఔనన్నారు.

దారి పూర్తయిన ఉదయం ఊళ్ళో పిల్లలందరూ అడవి గంట చూడడానికి బయలుదేరారు. ఘటోదరుడు తెల్లవారకముందే గుహ అంతా ఊడ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అంతమందిని చూసేసరికి అక్కడే చతికిలబడ్డాడు. నాగసాని వెళ్ళి అతని పక్కన కూర్చుంది. కాసేపటికి ఒక బుడతడు వచ్చి, "కొంచెం జరగండి" అని ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాడు.